పలకలదిన్నెలో ఊరకుండ వెలసిన వైనం

పల్నాటి నాపరాళ్ళ సీమలో తారు రోడ్డు దిగి, మిరపచేల నడుమ రెండు మైళ్ళు నడిస్తే పలకలదిన్నె వస్తుంది. ఊరికి ఎగువ పేట, దిగువ పేట అని రెండు పేటలు. రెండింటి మధ్య ఒక రాతి దిన్నె. ఆ దిన్నె మీద గోడలు లేని పెంకుటి మందిరం ఒకటి కనిపిస్తుంది. చుట్టుపక్కల క్రైస్తవులంతా దీన్ని ఊరకుండ గుడి అని పిలుస్తారు. ఈ గుడికి గంట లేదు, మైకు లేదు. పీఠం ముందు మనిషి నడుమెత్తు మట్టికుండ ఒకటి మూడు రాళ్ళ మీద కుదురుగా కూర్చుని ఉంటుంది. దాని చుట్టూ చాపలు పరిచి ఉంటాయి. అంతకు మించి ఇక్కడ చూడవలసినది ఏమీ లేదని ముందే చెప్పడం మంచిది.

మొదటిసారి వచ్చిన భక్తులు సహజంగానే కంగారు పడతారు. కొవ్వొత్తి ఎక్కడ వెలిగించాలి, మనవి చీటీ ఎక్కడ వేయాలి, ఏ ప్రార్థన ఎన్నిసార్లు చెప్పాలి అని గుడి చూసుకునే పెద్దమ్మను అడుగుతారు. ఆమె నవ్వి, "ఊరకుండండి" అంటుంది. నోరు మూసుకోమన్నదేమోనని కొందరు నొచ్చుకుంటారు. కిందటేడు విశ్రాంత తహసీల్దారు ఒకాయన అలాగే కోపగించుకుని వెళ్ళి కారులో కూర్చున్నాడు. అరగంటకు ఆయనే దిగి వచ్చి, చాప చివర ఒదిగి కూర్చుని, పొద్దుగూకేదాకా లేవలేదు. ఆ ఒక్క మాట ఈ స్థలానికి పేరూ, నియమమూ, ప్రార్థనా ఎలా అయిందో తెలపడమే ఈ చిన్న పుస్తకం ఉద్దేశం.

పూర్వం ఇక్కడ ఇంత నెమ్మది ఉండేది కాదు. నాలుగు తరాల కిందట రెండు పేటలవారూ ఒకే ఏడు జ్ఞానస్నానం పొంది, దిన్నె మీద ఒకే పూరిపాకలో ప్రార్థన చేసుకునేవారు. రెండు పేటలకూ రాతిగనిలో పలకలు తీయడమే జీవనం. పాక ముందు ఒక పెద్ద కుండ ఉండేది. పొద్దున్నే ప్రతి ఇంటివారూ తలా ఒక చెంబు నీళ్ళు తెచ్చి అందులో పోసేవారు. గని నుంచి వచ్చినవారు, దారిన పోయేవారు అందులోనే ముంచుకుని తాగేవారు. ఒక్క ఇంటివారు పోయకపోయినా అది ఊర కుండ, అంటే ఊరందరి కుండ, అనిపించుకోదని కట్టుబాటు. గురువులు నెలకొకసారి గుర్రం మీద వచ్చి పూజ చేసి వెళ్ళేవారు. తక్కిన రోజులన్నీ ఉపదేశి చిన్నప్పదే భారం. ఊళ్ళో నాలుగక్షరాలు చదవగలిగినవాడు ఆయనొక్కడే.

మిగతా ఊళ్ళలో సాయంత్రం జపమాల చెప్పుకుని ఇళ్ళకు పోయేవారు. ఇక్కడ జపమాల అయ్యాక ఎవరికి తోచిన మాటల్లో వారు గట్టిగా ప్రార్థించే అలవాటు ఒకటి ఉండేది. ఆ విద్యలో ఎగువ పేట ఇన్నాసమ్మను మించినవారు లేరు. ఆమె "ప్రభువా" అని ఎత్తుకుంటే, పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చిన ఆడవాళ్ళు లేచి వెళ్ళి, అన్నం వార్చి, తిరిగి వచ్చి కూర్చునేవారట. అప్పటికి ఆమె ప్రార్థన ఇంకా వానలు కురిపించమనడం దగ్గరే ఉండేదట. ఆమె భర్త తోమాసు గొంతు ఎలా ఉంటుందో ఎగువ పేటలోనే చాలామందికి తెలియదు. ఆ ఇంటి వంతు మాటలన్నీ ఇన్నాసమ్మే ఖర్చు పెట్టేది.

అయితే ఈ ఊరివారికి ఒక జాడ్యం ఉండేది. మనిషితో ముఖాముఖి అనలేని మాటను దేవుడితో అంటున్నట్టు అనేవారు. పక్కింటి కోళ్ళు తన మిరప నారు తవ్వితే ఆ పక్కింటికి వెళ్ళి అడగరు. సాయంత్రం ప్రార్థనలో కళ్ళు మూసుకుని, "ప్రభువా, కోళ్ళను కట్టేసుకునే బుద్ధి మా పొరుగువారికి దయచేయి" అంటారు. ఆ పొరుగువాడు అక్కడే కూర్చుని ఉంటాడు. ప్రార్థనకు అడ్డు చెప్పడం పాపం కాబట్టి నోరెత్తలేక ఆమెన్ అంటాడు. మర్నాడు తన వంతు వచ్చినప్పుడు, నారు చుట్టూ కంప నాటుకోవడానికి బద్ధకించే వారి కోసం అంతే భక్తితో ప్రార్థిస్తాడు. చిన్నప్ప ఉపదేశి ఎన్నిసార్లు మందలించినా, మేము దేవుడితో మాట్లాడుకుంటే మధ్యలో నీకేమిటని అడిగేవారు.

ఇన్నాసమ్మకు ఒక్కతే కూతురు, లూర్దమ్మ. ఆ పిల్లను దిగువ పేటలో ఆరోగ్యమ్మ కొడుకు బాలశౌరికి ఇచ్చింది. కూతురి అత్తగారిల్లు వాకిట్లో నిలబడితే కనిపించేంత దూరం. ఇంతకంటే అదృష్టం ఏముందని అందరూ అన్నారు. లూర్దమ్మకు తొలి కాన్పు దగ్గరపడింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. ఇన్నాసమ్మ మంచం కింద కొత్త గుడ్డలు, కారప్పొడి, నెయ్యి అన్నీ సిద్ధం చేసుకుని, మర్నాడు వెళ్ళి పిల్లను తెచ్చుకోవలసి ఉంది. ఆ రోజే ఎవరో వచ్చి, నీ కూతురి చేత ఆరో నెల దాకా రాతి తట్టలు మోయించారని చెవిన వేశారు. వెళ్ళి వియ్యపురాలిని అడిగితే పోయేది. ఇన్నాసమ్మ అడగలేదు. సాయంత్రం ప్రార్థనలో లేచి నిలబడింది.

"ప్రభువా, కడుపుతో ఉన్న పిల్ల చేత రాళ్ళు మోయించే గుండెలు మా ఊళ్ళో ఉన్నాయి. వాటిని మెత్తబరచు."

పేరు చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేదు. అవతలి చాప మీద నుంచి ఆరోగ్యమ్మ లేచింది. ఆమె మాటకారి కాదు, ఆ ఒక్కరోజే నోరు విప్పింది. కూతురికి నడుము వంచడం నేర్పకుండా నోరు తెరవడం నేర్పిన తల్లులను క్షమించమని దేవుణ్ణి వేడుకుంది. ఆ తరువాత ఎవరు ఎవరి కోసం ప్రార్థించారో చెప్పడం కష్టం. రెండు పేటలూ లేచి నిలబడి ఒకరి మీద ఒకరు కృప కోరుకుంటూ ముందుకు తోసుకున్నారు. ఆ తోపులాటలో ఊర కుండ పగిలింది. మర్నాటి నుంచి దిన్నె మీది పాకను వదిలేసి, రెండు పేటలవారూ ఎవరి వైపు వారు వేరే పాక వేసుకున్నారు. కోడలిని పుట్టింటికి పంపేది లేదని ఆరోగ్యమ్మ కబురు చేసింది.

లూర్దమ్మ అత్తగారింట్లోనే ప్రసవించింది. ఆడపిల్ల. ఎనిమిదో రోజున దిగువ పేట నుంచి ఏడుపు వినిపించింది. ఇన్నాసమ్మ దిన్నె మీదుగా పరుగెత్తింది. దిగువ పేట మొదట్లోనే అల్లుడు ఎదురు నిలిచి, "ఇప్పుడు రావద్దత్తా, గొడవైపోద్ది" అని కాళ్ళావేళ్ళా పడ్డాడు. పేటవాళ్ళు కర్రలతో అతని వెనకే ఉన్నారు. మనవరాలి మొహం చూడకుండానే ఆమె తిరిగి వచ్చింది. బిడ్డను దిన్నె కింద, దిగువ పేట వైపు పూడ్చారు. లూర్దమ్మ బాలింత జ్వరంతో పక్షం రోజులు ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నదని, అప్పుడు కూడా తల్లిని రానివ్వలేదని ఊరంతా చెప్పుకున్నారు.

ఆ తరువాత రెండేళ్ళపాటు ప్రతి సాయంత్రం రెండు పాకల్లో ఎదురెదురుగా ప్రార్థనలు సాగాయి. దేవుడు నడిమధ్య దిన్నె మీద కూర్చుని రెండు వైపులా చెవులు మూసుకుని ఉంటాడని చిన్నప్ప తరువాతి కాలంలో నవ్వుతూ అనేవాడు. నవ్వదగిన సంగతి మాత్రం కాదు. ఇన్నాసమ్మ ప్రతిరోజూ ఒక మాటతోనే ముగించేది. "నా మనవరాలికి పేరైనా పెట్టకుండా మట్టిలో పెట్టిన చేతుల్ని నువ్వు చూశావు ప్రభువా." ఎగువ పేట నుంచి వచ్చిన ప్రతి మాటకూ దిగువ పేట బదులిచ్చేది. కోళ్ళకూ, బావికీ, గనిలో పలకల వాటాకూ, అన్నిటికీ జవాబు వచ్చేది. ఈ మాటకు మాత్రం ఎన్నడూ రాలేదు. ఆరోగ్యమ్మ ఆ పూటకు లేచి ఇంటికి వెళ్ళిపోయేదట. తప్పు చేసింది గనుకనే నోరు పెగలడం లేదని ఎగువ పేటవారు తీర్మానించుకున్నారు.

లూర్దమ్మ మళ్ళీ నెల తప్పింది. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల తపసు కాలం మొదలయ్యే నాటికి ఐదో నెల. ఆ వార్త వెంటే ఇంకొకటి వచ్చింది. ఏటి అవతల కొత్త గని తెరిచారని, ఈస్టరు పండుగ కాగానే బాలశౌరి తల్లినీ భార్యనూ తీసుకుని అక్కడికే వెళ్ళిపోతున్నాడని చిన్నప్ప వచ్చి చెప్పాడు. ఇన్నాసమ్మ వాకిట్లోకి వచ్చి దిగువ పేట వైపు చూసింది. ఇప్పుడు కనీసం వాకిట్లో నిలబడితే కూతురు నీళ్ళకు పోతుంటే కనిపిస్తుంది. ఏరు దాటితే అదీ ఉండదు. ఈ కాన్పయినా తన ఇంట్లో జరగాలి. లేకపోతే కూతురు బతికి ఉండగానే తనకు లేనట్టే.

ఆమె నలభై రోజుల ఉపవాసం పట్టింది. రోజూ మిట్టమధ్యాహ్నం ఒంటరిగా దిన్నె ఎక్కి, పాత పాక మొండిగోడ నీడలో కూర్చుని ప్రార్థించేది. ఆమెకు తెలిసిన ప్రార్థన ఒకటే రకం. అల్లుడి పిరికితనం నుంచి ఆరోగ్యమ్మ పంతం దాకా దేవుడికి వరసగా విప్పి చెప్పేది. ఒక ముక్క మరిచిపోతే మళ్ళీ మొదటినుంచి వచ్చేది. మూడు వారాలు గడిచేసరికి గొంతు బొంగురుపోయింది. ఒకనాడు మాట మధ్యలోనే కునుకు పట్టింది.

కలలో ఎదుటి పలక మీద ఎవరో కూర్చుని ఉన్నారు. గనిలో పనిచేసి వచ్చినవాడిలా కనుబొమల మీద తెల్లని రాతి దుమ్ము. అరచేతుల మీద పాత గాయాలు. ఆయన ఎవరో ఆమెకు తెలిసిపోయింది. కలలో కూడా అవకాశం వదులుకునే మనిషి కాదు కాబట్టి, తన గోడు మొత్తం మొదటినుంచి ఎత్తుకుంది. ఆయన తొందరపడలేదు. ఆమె ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు ఒక్క మాట అన్నాడు.

"ఊరకుండండి."

ఇన్నాసమ్మ ఉలిక్కిపడి లేచింది. ముందుగా ఆమె మనసుకు తగిలింది ఆ మర్యాద. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి గని మేస్త్రీలు, ఆసాములు అందరూ ఆమెను ఏమే, ఒసే అన్నవాళ్ళే. అండి అని పిలిచినవాడు ఆయనొక్కడే. రాతి కూలి చేసుకునే ఆడదాన్ని దేవుడు అండి అన్నాడని ఆమె చాలాసేపు ఏడ్చింది. తరువాత మాటకు అర్థం వెతుక్కుంది. వెతకడానికి ఏముంది? రెండేళ్ళుగా కళ్ళెదుటే పెంకులై పడి ఉన్నది ఏమిటో ఆమెకు తెలుసు. కావలసినది ఊర కుండండి అని దేవుడు విడమరిచి చెప్పాడు. ఎంత తేలిక సంగతి అనుకుంటూ ఆమె కొంగు బిగించి దిన్నె దిగింది.

నేరుగా పక్క ఊరి కుమ్మరి కోటయ్య దగ్గరకు వెళ్ళింది. దేవుడు కుండ అడిగాడు, గురువారానికి కావాలి అన్నది. ఏ దేవుడైతే తనకేమిటి, అంత పెద్ద కుండ నీడన ఆరడానికే పది రోజులు పడుతుంది, తొందరపెడితే ఆవంలో కాల్చేటప్పుడు పగులుతుంది అన్నాడు కోటయ్య. ఆమె అన్నది ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర గురువారమని, దానికి ఇంకా రెండు వారాల పైనే ఉన్నదని లెక్క తేలాక ఆయన సారె ముందు కూర్చున్నాడు. అక్కడి నుంచి ఆమె ఉపదేశి ఇంటికి వెళ్ళి కల సంగతి చెప్పింది.

"అక్కా, ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు చిన్నప్ప.

"ఊర కుండండి అన్నాడు. ఇంకేం చెప్పాలి? కుండ చేయించమనే గదా."

మాటను కలిపి చూడగానే చిన్నప్పకు అర్థమైపోయింది. దేవుడు కుండ అడగలేదు, ఇన్నాసమ్మను కాసేపు ఊరుకోమన్నాడు. ఆ సంగతి అప్పుడే చెప్పి ఉంటే ఏమయ్యేదో ఆయనే చాలాకాలం తరువాత వివరించాడు. ఆమె మొహం మాడ్చుకుని ఇంటికి పోయేది. రెండేళ్ళలో మొదటిసారి ఎగువ పేట మనిషి దిగువ పేటను కలుపుకుని రావడానికి బయలుదేరితే, వ్యాకరణం చెప్పి ఆపడం ఎందుకని ఆయనకు అనిపించింది. అందుకే సరే అని తలూపి, తాను స్వయంగా దిగువ పేటకు వెళ్ళాడు. ఇన్నాసమ్మ పేరెత్తకుండా, ఊర కుండ మళ్ళీ పెడుతున్నాం, ఇంటికొక చెంబు నీళ్ళు తెండి అన్నాడు. కుండతో మాకేం గొడవ అన్నారు వాళ్ళు. నీళ్ళు పోసి వెళ్ళిపోతాను, ఆమెతో కలిసి ప్రార్థన మాత్రం చేయను అన్నది ఆరోగ్యమ్మ.

పవిత్ర గురువారం సాయంత్రం ఎండ ఇంకా దిన్నె మీద ఉండగానే రెండు పేటలూ చెంబులు పట్టుకుని వచ్చాయి. కొత్త కుండ మూడు రాళ్ళ మీద ఎర్రగా నిలబడి ఉంది. ఒక వైపు ఎగువ పేట, ఒక వైపు దిగువ పేట. ఎవరి మొహమూ ఎవరూ చూడలేదు. ఒక్కొక్కరే వచ్చి నీళ్ళు పోశారు. ఎగువ బావి నీళ్ళలో ఎర్రమట్టి, దిగువ బావి నీళ్ళలో సున్నం. రెండూ కలిసేసరికి కుండలో నీళ్ళు ఎర్రబారిన మజ్జిగలా తయారయ్యాయి. గుక్కెడు కూడా తాగడానికి పనికిరావు. అప్పుడు ఆరోగ్యమ్మ నడుము దగ్గర చెక్కుకున్న చిల్లగింజ తీసి, కుండ లోపలి అంచుకు వేసి గుండ్రంగా అరగదీసింది. ఎక్కడి బురద నీళ్ళయినా చిల్లగింజకు తేరతాయని ఆడవాళ్ళందరికీ తెలుసు. "తేరడానికి గంట పడుద్ది" అని ఎవరినీ ఉద్దేశించకుండా చెప్పి, మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది.

గంటసేపు ఎదురుచూడాలంటే ఎవరో ఒకరు ప్రార్థన అందుకోవాలి. ఇన్నాసమ్మ లేచి నిలబడింది. నలభై రోజుల ప్రార్థన ఆమె నాలుక చివరన సిద్ధంగా ఉంది. "ప్రభువా" అన్నది. ఆ ఒక్క మాటకే దిగువ పేట మగవాళ్ళు పైగుడ్డలు దులుపుకున్నారు. ఆడవాళ్ళు చెంబులు చేతిలోకి తీసుకున్నారు. బాలశౌరి లేచి భార్య భుజం మీద చేయి వేశాడు.

"ఇన్నాసమ్మక్కా" అన్నాడు చిన్నప్ప. "కలలో విన్న మాట ఇంకోసారి చెప్పు."

"ఊర కుండండి అన్నాడు. చేయించి పెట్టాను గదా."

"విడదీయకుండా చెప్పక్కా."

ఆమె విసుగ్గానే చెప్పబోయింది. సగంలో ఆగింది. తన నోటితో తానే అన్న మాట తన చెవికి అప్పుడు సరిగ్గా వినిపించింది. దిగువ పేట వైపు నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు చాప చాపకూ పాకి, ఎగువ పేటవాళ్ళు కూడా కొంగులు అడ్డం పెట్టుకున్నారు. సాక్షాత్తు దేవుడే దిగివచ్చి ఇన్నాసమ్మను ఊరుకోమని బతిమాలుకున్నాడంటే నవ్వు ఆపుకోవడం కష్టమే. ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఒళ్ళంతా మంట పుట్టింది. ఆ క్షణాన ఆమె నోరు తెరిచి ఉంటే ఈ గుడి లేదు, ఈ పుస్తకమూ లేదు.

ఆమె తలెత్తి చూసింది. నవ్వనిది లూర్దమ్మ ఒక్కతే. రెండు చేతులతో పొట్ట పట్టుకుని, తల్లి పెదవుల వైపే భయంగా చూస్తోంది. ఇన్నాసమ్మకు ఆ చూపు గుండెలో గుచ్చుకుంది. తన బిడ్డ తన ప్రార్థనకు భయపడుతోంది. ఆమె మెల్లగా చాప మీద కూర్చుని, నోరు కుట్టేసుకుంది.

దేవుడి ముందు మాట లేకుండా కూర్చోవడం ఆమెకు అదే మొదలు. నోరు మూస్తే మనసు ఊరుకుంటుందా? లోపల ఆరోగ్యమ్మను తిట్టింది, చిన్నప్పను తిట్టింది, నవ్వినవాళ్ళందరినీ పేరు పేరునా దేవుడికి అప్పజెప్పింది. ఆమె ప్రార్థనలన్నిటికీ మొదటి మాట "ప్రభువా". ప్రతిసారీ దాని వెనక బండెడు మాటలు వచ్చేవి. ఈసారి ఆ మొదటి మాట దగ్గరే ఆగి, వెనకవాటిని రానివ్వకుండా చూసింది. వచ్చాయి. మళ్ళీ మొదటి మాట దగ్గరకు వెళ్ళింది. అలా ఎన్నిసార్లో. కాసేపటికి మాటలు పలచబడ్డాయి. అప్పుడు కూతురి ఊపిరి వినిపించింది. కుండ ఒళ్ళు చెమర్చి రాళ్ళ మీద పడుతున్న చుక్కల చప్పుడు వినిపించింది. ఎదురుగా ఆరోగ్యమ్మ చేతులు కనిపించాయి. సున్నపు నీళ్ళకు పగిలిన వేళ్ళు, మోకాళ్ళ మీద బోర్లించి ఉన్నాయి. రెండేళ్ళుగా ఆ చేతుల మీద దేవుడికి చాడీలు చెప్పింది గానీ వాటిని ఒక్కసారి కూడా చూడలేదు. తన మనవరాలిని ఎనిమిది రోజులు ఎత్తుకున్న చేతులు ఈ లోకంలో అవే. ఆ చేతులకు బిడ్డ బరువు తెలుసు. తనకు తెలియదు. ఇన్నాసమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆమె తుడుచుకోలేదు.

ఎంతసేపు గడిచిందో ఎవరూ చూడలేదు. పొద్దు దిగింది. కుండలో నీళ్ళు తేరి అడుగు కనిపించింది. ఆరోగ్యమ్మ లేచి, చెంబు ముంచి, దిగువ పేటవారి వైపు తిరగకుండా నడిచి వచ్చి ఇన్నాసమ్మ ముందు పట్టింది.

"వదినా, నేను రోజూ ఆ మాట..." అని ఇన్నాసమ్మ మొదలుపెట్టింది.

"ఊరకుండండి వదినా" అన్నది ఆరోగ్యమ్మ. రెండేళ్ళలో ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడిన మొదటి మాటలు అవి. చెంబు ఇన్నాసమ్మ చేతిలో పెట్టి, ఆమె పక్కనే కూర్చుని, మెల్లగా చెప్పింది.

"బిడ్డకు ఊపిరి అందలా. చిన్నప్పను పిలిచేంత వ్యవధి లేదు. నేనే నీళ్ళు పోసి జ్ఞానస్నానం ఇచ్చా. పేరు పెట్టకుండా మట్టిలో పెట్టలేదు వదినా. మీ పేరే పెట్టా."

ఇన్నాసమ్మ చిన్నప్ప వైపు చూసింది. ఆయన తల వంచుకున్నాడు. జ్ఞానస్నానాల పుస్తకంలో ఆ పేరు రాసింది ఆయనే. ఎవరికీ చెప్పవద్దు, చెబితే రాజీ కోసం పేరు అడ్డం పెట్టుకున్నానంటారు అని ఆరోగ్యమ్మ ఆనాడు ఆయన దగ్గర మాట తీసుకుంది. జ్వరం తగ్గాక లూర్దమ్మ అడిగినా, ఆ పేరు దేవుడికి తెలుసు అని ఊరుకుంది. ప్రతి సాయంత్రం ఆ నింద విని, ఒక్క మాట చాలు నోరు మూయించడానికి అని తెలిసీ, ఆమె లేచి ఇంటికి వెళ్ళిపోయేది. ఇన్నాసమ్మ వియ్యపురాలి చేతులు రెండూ తీసుకుని మొహానికి ఆనించుకుంది. ఇద్దరూ ఏడ్చారు. పండుగ వెళ్ళగానే పిల్లను తీసుకెళ్ళండి, నేనూ వచ్చి పురుడు పోస్తాను అన్నది ఆరోగ్యమ్మ.

లూర్దమ్మ ఎగువ పేటలో పండంటి కొడుకును కన్నది. కొన్నాళ్ళకు బాలశౌరి భార్యాబిడ్డలతో ఏరు దాటి కొత్త గనికి వెళ్ళాడు. ఆరోగ్యమ్మ మాత్రం ఈ ఊళ్ళోనే ఉండిపోయింది. గురువారం గురువారం ఆమె చెంబుతో దిన్నె ఎక్కేది. ఇన్నాసమ్మ చాప పరిచేది. మొదట ఆ ఇద్దరే. తరువాత గొడవలున్న అన్నదమ్ములు వచ్చారు, మాటలు లేని మొగుడూపెళ్ళాలు వచ్చారు, ఏ గొడవా లేనివారు కూడా వచ్చారు. ధ్యానంలో పిచ్చి ఆలోచనలు వస్తున్నాయి ఏం చేయాలని అడిగితే, వాకిట్లోకి కోళ్ళు రావా, అవే పోతాయి, నువ్వు లేచి తరమబోకు అనేదట ఇన్నాసమ్మ. ఈనాటికీ ఈ స్థలంలో మౌన ప్రార్థనకు ఇంతకు మించిన బోధ లేదు.

నేడు ప్రతి గురువారం సాయంత్రం ఇక్కడ కూటం జరుగుతుంది. ఇలాంటి కుండ కూటాలు ఇతర గురువుల విచారణ కింద ఉన్న మరెన్నో ఊళ్ళలో, పట్నాల అపార్ట్‌మెంట్లలో కూడా సాగుతున్నాయి. ఎనిమిది మందికి తగ్గకుండా, పన్నెండు మందికి మించకుండా కూర్చుంటారు. ఎవరింటి నీళ్ళు వారు తెచ్చి కుండలో పోస్తారు. కూటం పెద్ద చిల్లగింజ అరగదీసి తానూ కూర్చుంటాడు. అంతకు మించి ఆయనకు అధికారం లేదు. నీళ్ళు తేటపడేదాకా ప్రతివారూ ఒక చిన్న మాటను మనసులో పెట్టుకుని మౌనంగా ఉంటారు. కాన్పుకు వెళ్ళే కోడలిని వియ్యపురాళ్ళు ఇద్దరూ కలిసి ఇక్కడికి తీసుకువస్తారు. అత్తగారు నీళ్ళు ముంచి ముందుగా తల్లికి ఇస్తుంది. ఆ నీళ్ళు తాగిన ఇంట్లో తల్లీబిడ్డలు క్షేమంగా ఉంటారని, తెగిన మాటలు అతుక్కుంటాయని భక్తుల నమ్మకం. అలా జరిగిందని వచ్చి చెప్పినవారికి కొదువ లేదు.

నీళ్ళు తాగాక ఒక నియమం ఉంది. ఇష్టమైనవారు ఒక మనిషి పేరు పైకి చెప్పవచ్చు. పేరు మాత్రమే చెప్పాలి. ఆ మనిషి గురించి దేవుడికి మంచి గానీ చెడు గానీ విన్నవించకూడదు. ఇది ఆ ఇద్దరు పెట్టిన కట్టుబాటే. ఇన్నాసమ్మ బతికినన్నాళ్ళూ తన వంతు వచ్చినప్పుడు "ఆరోగ్యమ్మ" అనేదట. ఆరోగ్యమ్మ తన వంతు వచ్చినప్పుడు "ఇన్నాసమ్మ" అనేదట. ఆరోగ్యమ్మ తలచుకున్నది పక్కనున్న వియ్యపురాలినో, ఎనిమిది రోజుల మనవరాలినో ఎవరూ అడగలేదు. ఇప్పటికీ ఇక్కడ పేరు విన్నాక ఎవరూ ఏమీ అడగరు.